సంతమైదానం బేరం

పుంగనూరు గొర్రెల సంతలో చెంగల్రాయుడిని ఎరగని మనిషి లేడు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం తెంపే దళారి ఆయన. పొట్టి మనిషి, భుజం మీద ఎర్రంచు తువ్వాలు, బుగ్గన ఎప్పుడూ ఆకువక్క. ఎవరైనా ఒక మాట చెబితే వెంటనే నమ్మడమనేది ఆయన ఒంట్లో లేదు. పాలవాడు చిక్కటి పాలని చెబితే బొటనవేలి గోటి మీద చుక్క వేసుకుని, అది జారుతుందో నిలుస్తుందో చూశాకే చెంబు పట్టేవాడు. పెళ్ళికి పిలవడానికి ఎవరైనా వస్తే, వీళ్ళకు నాతో ఏం పని పడిందబ్బా అని ఆలోచించేవాడు. పెళ్ళినాడు తన మెళ్ళో దండ వేసేటప్పుడు కూడా దాన్ని ఒకసారి వాసన చూశాడని భార్య రెడ్డెమ్మ నలుగురిలో చెప్పి నవ్వేది.

నవ్వితే నవ్వనీండి, అలా ఉండకపోతే ఆ పనిలో వారం రోజులు నిలవలేడు. సంతకు వచ్చే జీవాల సంగతి మీకేం తెలుసు? ఉప్పు నాకించి కడుపు పగిలేట్టు నీళ్ళు తాగించి తోలుకొచ్చేవాడొకడు. కుంటిదాన్ని మంద నడుమ ఇరికించి నిలబెట్టేవాడింకొకడు. చెంగల్రాయుడు పెదవి ఎత్తి పళ్ళు చూసేవాడు, నడుము మీద చెయ్యి వేసి కండ చూసేవాడు, తాడు పట్టి నాలుగడుగులు నడిపించేవాడు. అన్నీ అయ్యాక తీరిగ్గా, అమ్మేవాడి మొహంలోకి చూసేవాడు. సంతలో చాలామంది ఆ చివరి చూపుకే భయపడి ధర దించేవారు.

ఇక బేరం నోటితో జరిగేది కాదు. పైకి వినబడేట్టు ధర చెప్పుకుంటే పక్క మందకు కూడా అదే ధర పడుతుంది, అందుకని. దళారి తువ్వాలు పరుస్తాడు. దాని కింద కొనేవాడూ దళారీ చేతులు కలుపుతారు. వేళ్ళు నొక్కితే ఒక లెక్క, అరచెయ్యి మొత్తం పడితే ఒక లెక్క. అవతలివాడు నొక్కితే ఇవతలివాడు తిరిగి నొక్కాలి. సమ్మతమైతే దళారి చెయ్యి వెనక్కి తీసుకుని, తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుంటాడు. బేరం తెగిందని అందరికీ తెలుస్తుంది, ఎంతకు తెగిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. తెగిన బేరంలో మూడోవాడు నోరు పెట్టకూడదు. పెడితే వాడిని సంతలో మనిషిగా చూడరు. ఎవరైనా కొత్తవాడు వచ్చి ఎంతకు పోయిందప్పా అని అడిగినా, "ఏం లేదప్పా, ఊరకే మాట్లాడుకుంటా ఉండాము" అనడం దళారి మర్యాద. చెంగల్రాయుడు ఆ మాట కొన్ని వేలసార్లు అని ఉంటాడు.

అలాంటి సంత మీదికి తొంభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో స్టేడియం వచ్చి పడింది.

బెంగుళూరులో ఒక ఆటల కంపెనీ. జీతాలిచ్చి క్రికెట్ ఆటగాళ్ళను పెట్టుకుని, టిక్కెట్లు అమ్మి ఆడించే కంపెనీ. దానికి ఈ పక్క ఒక మైదానం కావాల్సి వచ్చిందట. ఊళ్ళో క్రీడాభివృద్ధి కమిటీ అని ఒకటి రాత్రికి రాత్రి మొలిచింది. దానికి అధ్యక్షుడు లాడ్జి కుప్పుస్వామి. ఆయన లాడ్జి సంతమైదానానికి ఎదురుగానే ఉంటుందన్న సంగతి చెంగల్రాయుడికి ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. కమిటీ చెప్పింది ఏమిటంటే, సంతమైదానాన్ని నామమాత్రపు అద్దెకు కంపెనీకి ఇస్తారు. ప్రహరీ, గ్యాలరీ, పెద్ద దీపాలు ఊరివాళ్ళ డబ్బుతో కడతారు. అందుకు ఇంటి పన్నుతో పాటు ఇంకొంచెం కట్టాలి. టిక్కెట్ల మీద వచ్చేది, గోడల మీద బోర్డులకు వచ్చేది, లోపలి అంగళ్ళకు వచ్చేది మాత్రం కంపెనీకి పోతుంది. బదులుగా ఊరికి పేరొస్తుంది.

"పేరు యాడ పెట్టుకుంటారప్పా, గాదెలోనా?" అన్నాడు చెంగల్రాయుడు టీ అంగడి ముందు కూర్చుని.

ఊరు రెండుగా చీలింది. హోటళ్ళవాళ్ళు, ఆటోవాళ్ళు, కాలేజీ కుర్రవాళ్ళు కావాలన్నారు. టీవీలో కనబడే ఆటగాళ్ళు మన వీధుల్లో తిరుగుతారని కుర్రాళ్ళు అప్పుడే బ్యాట్లు కొన్నారు. కొళాయి దగ్గర బిందెలు వరస పెట్టే ఆడవాళ్ళు మాత్రం, మాకు నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియదు, ఆ గడ్డికి రోజూ యాడినుంచి తెచ్చి పోస్తారని అడిగారు. గొర్రెలవాళ్ళకు ఏం చెప్పాలో కమిటీకి ముందే తెలుసు. బైపాసు పక్కన రాళ్ళగుట్ట వాలులో కొత్త సంత ఇస్తామంది. ఆ వాలులో నీడా లేదు, తొట్టీ లేదు, బస్సు ఆగదు. తంబళ్ళపల్లె నుంచి, కురబలకోట నుంచి రాత్రంతా మందలు తోలుకుని వచ్చేవాళ్ళు అక్కడ ఎలా నిలబడతారు? వాళ్ళు రాకపోతే చెంగల్రాయుడికి పనేముంటుంది? ఆయన వాళ్ళ తాత కాలం నుంచీ నిలబడిన నేల అది. అది పోతే తను పోయినట్టేనని ఆయన రెడ్డెమ్మతో అన్నాడు.

అనుమానం పుట్టిందంటే ఆ మనిషి ఊరుకునే రకం కాదు. స్కూల్లో డ్రిల్లు టీచరు శాంతకుమారి ఒకరోజు ఇంటికే వచ్చింది. మా ఆడపిల్లలు రోడ్డు మీద లారీల పక్కన పరిగెత్తుతున్నారప్పా, మైదానం కడితే మంచిదే, కాకపోతే మా పిల్లల్ని లోపలికి రానిస్తామని కంపెనీ చేత ఒప్పించాలి, మీరు గొర్రెలవాళ్ళ తరఫున, నేను పిల్లల తరఫున కలిసి అడుగుదాం అంది. మంచి మాట. వేరేవాళ్ళయితే సరే అనేవాళ్ళు. చెంగల్రాయుడు ఆమె వెళ్ళేదాకా తల ఊపి, వెళ్ళాక ఈ యమ్మను ఎవరు పంపించారో కనుక్కోవాలన్నాడు. ఎవరూ పంపలేదు. ఆమె మళ్ళీ రాలేదు.

కానీ ఆయన అనుమానం ఊరికే పోలేదు కూడా. పని మీద కుప్పం వెళ్ళినప్పుడు అక్కడి దళారి ఒకడు మాటల్లో చెప్పాడు, మాకూ స్టేడియం వస్తాందని. అదే కంపెనీ. మీరు ఇవ్వకపోతే పుంగనూరువాళ్ళు రెడీగా ఉన్నారు అని చెప్పి పోయారట. చెంగల్రాయుడు ఆ వారమే మదనపల్లె వెళ్ళాడు. అక్కడా అంతే, కుప్పంవాళ్ళు ఉచితంగా ఇస్తామంటున్నారు, ఆలోచించుకోండి అన్నారట. పుంగనూరుకు వచ్చేసరికి మదనపల్లెవాళ్ళు ఎగరేసుకుపోతారని భయపెడుతున్నారు. మూడు ఊళ్ళ దగ్గరా ఒకే పాట.

ఇది విని చెంగల్రాయుడు ఆకువక్క ఉమ్మేసి మరీ నవ్వాడు. "అవతల గిరాకీ ఉండాదని చెప్పి దించేది మన పని కదప్పా. వీళ్ళు మన పనే మన మీద చేస్తాండారు" అన్నాడు.

ఆ మాట సంతంతా పాకింది. కురబలకోట పెద్దన్న దాన్ని పల్లె పల్లెకూ మోశాడు. పెద్దన్న గొర్రెల కాపరి, చెంగల్రాయుడికి చిన్ననాటి నేస్తం. ఈ లోకంలో చెంగల్రాయుడు పళ్ళు చూడకుండా జీవాలు కొనిపించేది ఒక్క పెద్దన్న మంద నుంచే. కమిటీ కూడా కాస్త వెనక్కి తగ్గింది. సంత రోజునే, సంతమైదానంలోనే సభ పెడతాం, సంతవాళ్ళు వద్దని చేతులెత్తితే ఆ మాట ఇంతటితో ఆపేస్తాం అని కుప్పుస్వామి మైకులో చెప్పాడు. చెంగల్రాయుడు దాన్ని కూడా నమ్మలేదు గానీ, చేతులు మాత్రం లేపిద్దామని మందలవాళ్ళందరినీ కూడగట్టాడు. ఆయన చెయ్యి లేస్తే వెనక వందల చేతులు లేస్తాయని కమిటీకీ అర్థమైంది.

సభ రోజు ఎండ మాడ్చేస్తోంది. షామియానా కింద కుర్చీలు, పక్కన ఎప్పటిలాగే మందలు, అరుపులు, పేడ వాసన. చెంగల్రాయుడు ముందు వరసలో నిలబడి, తువ్వాలు తీసి మొహం తుడుచుకుని ముంజేతి మీద వేసుకున్నాడు. మాట్లాడాల్సింది మనసులో కూర్చుకుంటున్నాడు. మూడు ఊళ్ళ సంగతి ముందు చెప్పాలి, తరవాత నీళ్ళు, తరవాత గుట్ట.

అప్పుడు కంపెనీ మనిషి వేదిక దిగి వచ్చాడు. ప్రదీప్ అని, తెల్ల చొక్కా, నల్ల బూట్లు, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. పేడ చూసుకుంటూ నేరుగా చెంగల్రాయుడి దగ్గరికే వచ్చి చెయ్యి చాచాడు. చాచిన చెయ్యిని కాదనడం ఎట్లా? చెంగల్రాయుడు చెయ్యి ఇచ్చాడు. ఆ కుర్రాడు రెండు చేతులతో పట్టుకున్నాడు. ముంజేతి మీది తువ్వాలు జారి ఆ చేతుల మీద పడింది. మీరు పెద్దవారు, మీ ఆశీస్సులు కావాలి అని ఏదో అంటూ ప్రదీప్ వేళ్ళు గట్టిగా నొక్కాడు. వాడి ఊళ్ళో మర్యాద అంతేనేమో, దేవుడికి తెలుసు.

చెంగల్రాయుడి వేళ్ళు తిరిగి నొక్కాయి.

ఆయన నొక్కలేదు, వేళ్ళు నొక్కాయి. నలభై ఏళ్ళ అలవాటు. తువ్వాలు కింద ఎవడైనా నొక్కితే జవాబు చెప్పడమే ఆ వేళ్ళకు తెలుసు. పైగా ఆయన ధ్యాసంతా చెప్పబోయే మాటల మీద ఉంది. ఎప్పుడు వదుల్తాడురా వీడు అనుకుంటూ చెయ్యి లాక్కున్నాడు. తువ్వాలుకు ఆ కుర్రాడి సెంటు అంటుకున్నట్టు అనిపించి ఒకసారి గట్టిగా దులిపాడు. దులిపి భుజం మీద వేసుకున్నాడు.

షామియానా కింద మాటలు ఆగిపోయాయి. గొర్రెలు తప్ప ఎవరూ అరవడం లేదు. ఈ మౌనం తన మాట వినడానికేనని ఆయన అనుకున్నాడు పాపం. మైకు దగ్గరికి వెళ్ళి అనుకున్నదంతా చెప్పాడు, బాగానే చెప్పాడు కూడా. జనం తలలు ఊపుతూ విన్నారు. కొందరు ఒకరినొకరు చూసుకుని చిన్నగా నవ్వుకున్నారు. కుప్పుస్వామి లేచి, వద్దనేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. చెంగల్రాయుడు చెయ్యెత్తి వెనక్కి తిరిగి చూశాడు.

ఒక్క చెయ్యి లేదు. పెద్దన్న తల దించుకుని కాలి బొటనవేలితో నేల గీరుతున్నాడు.

"ఏమైందప్పా మీకు? ఎత్తండి" అన్నాడు చెంగల్రాయుడు. ఎవరూ కదలలేదు. అప్పుడు ఆయన చూపు తన భుజం మీది తువ్వాలు మీద పడింది. అర్థమైంది. మైకు లాక్కుని అరిచాడు. "ఏం లేదప్పా, ఊరకే మాట్లాడినాడు వాడు. నేనేం బేరం తెంపలేదు."

ఆ మాటతో ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది జనానికి. దళారి అనాల్సిన మాట అదే మరి. వెనక నుంచి ఎవరో గట్టిగా నవ్వారు. వేదిక మీద ప్రదీప్‌కు ఏం జరిగిందో తెలియదు, కుప్పుస్వామికి తెలుసు. అభ్యంతరం ఒకే ఒక్కటి అని రాసుకుని సభ ముగించాడు.

మరుసటి సంతకు చెంగల్రాయుడు పెద్దన్నను దారిలోనే అడ్డగించాడు. మంద తోలుకుని వస్తున్న మనిషిని రెక్క పట్టుకుని పక్కకు తీసుకుపోయి, ఆ పొద్దు చెయ్యి యాల ఎత్తలేదో చెప్పు అని నిలదీశాడు.

పెద్దన్న నొచ్చుకున్నాడు. "నీ బేరం చెడగొట్టే మనిషినా అప్పా నేను? తెగినాక నోరు పెడతానా? నువ్వు ఏదో సూసే ఉంటావులే, మా అందరికీ మంచి జరిగేట్టే సేసుంటావు."

"నేను చెయ్యలేదు పెద్దన్నా."

"సరేప్పా" అన్నాడు పెద్దన్న. ఎంతో గౌరవంగా అన్నాడు. అప్పుడు చెంగల్రాయుడికి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే జవాబు చెప్పేవాడు. దొంగ అని ఉంటే గల్లా పట్టుకునేవాడు. చేతులెత్తని వాళ్ళలో ఆయన మీద అసూయపడ్డవాళ్ళు కొందరు, ఆయన పాటికి ఆయన చూసుకున్నాడు కదా అని కంపెనీ చుట్టూ తిరిగి లోపల అంగడి ఇప్పించమని అడిగినవాళ్ళు కొందరు. ఎక్కువమంది మాత్రం ఆయన మర్యాద కాపాడుతున్నామనే నోరు మూసుకున్నారు. ఎవడినీ నమ్మకుండా బతికిన మనిషిని ఊరంతా ఆ విధంగా నమ్మింది.

ప్రహరీ లేచింది, గ్యాలరీ లేచింది, ఊరి పన్ను కూడా లేచింది. సంత బైపాసు గుట్టకు పోయింది. దీపాల వెలుగులో రెండు ఎండాకాలాలు ఆటలు ఆడారు. కుప్పుస్వామి లాడ్జి మీద ఇంకో అంతస్తు వేశాడు. మూడో ఏడు కంపెనీ ఎందుకో రాలేదు. గేటుకు తాళం పడింది, కమిటీ ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు, పన్ను మాత్రం తగ్గలేదు. శాంతకుమారి పిల్లలు ఆ ప్రహరీ పక్కనే, అదే రోడ్డు మీద, లారీల పక్కన పరిగెత్తుతూ ఉండేవారు. చెంగల్రాయుడు ఒకసారి ఆగి, ఆమెను పలకరించాలనుకున్నాడు. ఆమె చూసీ చూడనట్టు పోయింది. పొరపాటు ఎవరిదో ఆయనకు తెలుసు గనక ఏమీ అనుకోలేదు.

విచిత్రం ఏమంటే, గుట్ట మీద సంతలో చెంగల్రాయుడికి గిరాకీ పెరిగింది. ఊరందరి కళ్ళ ముందు, సభ నడుమ, మైకు పక్కన బేరం తెంపి, ఎంతకో ఈనాటికీ పొక్కనివ్వని దళారి ఆయనేనని కొత్త తరం గొర్రెలవాళ్ళకు పాతవాళ్ళు చూపించేవారు. పలమనేరు నుంచి కూడా ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. మొదట్లో ప్రతివాడితో, అది అబద్ధమప్పా అని వాదించేవాడు. వాళ్ళు కన్ను గీటి, మాకు తెలుసులే అనేవారు. తరవాత్తరవాత వాదించడం మానేశాడు. ఎవరు నవ్వుతూ పలకరించినా, వీడు ఆ సంగతి తలుచుకునే నవ్వుతున్నాడని అనిపించేది. ఒకప్పుడు జీవాల మీద ఉన్న అనుమానం ఇప్పుడు నమస్కారాల మీదికి మళ్ళింది. గుట్టలో వచ్చిన నాలుగు డబ్బులు అక్కడ ఎండకు చచ్చిన జీవాల తగాదాలకూ, కొత్త పన్నుకూ, మందులకూ చాలేవి కావు.

ఇంట్లో మాత్రం ఆ ఊసు ఎప్పుడూ రాలేదు. రెడ్డెమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. ఊరంతా ఏమనుకున్నా ఇదొక్కతే నన్ను ఎరుగును అని ఆయన ధైర్యంగా ఉండేవాడు. సంత నుంచి మొహం మాడ్చుకుని వచ్చిన రోజుల్లో ఆమె పెట్టిన సంగటి ముద్ద ముందు కూర్చుంటే ఆయనకు ప్రాణం కుదుటపడేది. బయట ఎంతమంది ఎన్ని అనుకున్నా ఈ గడప లోపల తను తనే.

రెండు వేల ఏడులో వానలు ఎన్నడూ లేనంతగా పట్టుకున్నాయి. వాళ్ళది పాత పెంకుటిల్లు, దూలం ఒక పక్క పుచ్చిపోయింది. మధ్యాహ్నం పూట వంటింట్లో గోడ కొంత జారి పొయ్యి మీద పడింది. చెంగల్రాయుడు మట్టి ఎత్తిపోస్తున్నాడు. రెడ్డెమ్మ కారే చోటల్లా గిన్నెలు పెట్టుకుంటూ వచ్చి, ఇంకో చోట పెట్టడానికి ఇంట్లో గిన్నే మిగలక, అలాగే నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. మెల్లగా అంది.

"ఏమయ్యా, ఇన్నేండ్లు నేను నోరు తెరిసి అడగలేదు. ఆ కంపెనీ దుడ్డు ఇప్పుడన్నా బయటికి తియ్యి. నాకోసరం వద్దులే. ఇల్లు పడిపోతాండాది."

చెంగల్రాయుడి చేతిలోంచి గంప జారింది. "లేదు రెడ్డెమ్మా. ఆ పొద్దూ లేదు, ఈ పొద్దూ లేదు. నీ మీద ఒట్టు" అన్నాడు.

"సరేలేయ్యా. చెప్పకూడదంటే వద్దులే" అని, ఆమె కొంగు బిగించి, ఆయన జారవిడిచిన గంప తీసుకుని మట్టి ఎత్తసాగింది. ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. కారే కప్పు కింద పడుకోబెట్టి డబ్బు దాచుకున్న మొగుడని అనుకుంటూనే, చేయని తప్పుకు ఆయన్ను ఏనాడో మన్నించేసి, ఇన్నేళ్ళూ ఆ సంగటి ముద్ద పెడుతూ వచ్చింది.